అయిదు అయిపోయింది, బడి మార్చాలా? ఎనిమిదో తరగతి దాకా ఒకే బడి వెనక ఉన్న కథ



పోయిన నెల మన సంఘం సమావేశం ముగిసి అందరూ కాఫీ తాగుతుంటే ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. "అన్నా, మా పాపకు ఏప్రిల్‌తో అయిదో క్లాసు అయిపోతుంది. ఊర్లో బడి ఎనిమిది దాకా ఉండాది, తెలుగు మీడియమే. ఇంట్లో వాళ్ళేమో ఇప్పుడే టి.సి. తీసుకొని హోసూరులో పెద్ద స్కూల్లో వేసేయమంటారు. ఎట్లా పోయినా తొమ్మిదికి మార్చాల్సిందే గదా, ఆ మార్చేదేదో ఇప్పుడే మారిస్తే పోలే? నువ్వేమంటావు?"

ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. "ఇంగ్లీషు కూడా చూసుకోవాలి కదా" అని ఏదో నసిగి వచ్చేశాను. ఇంటికి వచ్చాక మనసు ఊరుకోలేదు. ఈ ప్రశ్న ఆ తమ్ముడొక్కడిది కాదు. హోసూరు, డెంకణికోట, వేపనపల్లి పక్క ఊర్లలో ప్రతి వేసవిలోనూ ఇదే మాట. అయిదు తరవాత నలుగురు పిల్లలు బస్సెక్కితే ఆరో తరగతి బెంచీలు ఖాళీ అవుతాయి. బెంచీలు ఖాళీ అయితే "తెలుగు పిల్లలే లేరు, తెలుగు టీచరు ఎందుకు?" అన్న మాట వస్తుంది. అందుకని కొంచెం కూర్చొని చదివి, నాకు తెలిసినంత రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మూడు రాష్ట్రాలు, మూడు ముగింపులు

మనముండే చోటు ఎట్లాంటిదంటే, ఒక్క రోజులో మూడు రాష్ట్రాల బడులు చూసి రావచ్చు. అత్తిబెలె దాటితే కర్ణాటక. అక్కడ ఊరి బడి పేరు హిరియ ప్రాథమిక శాలె. మామూలుగా ఒకటి నుంచి ఏడు దాకా, ఎనిమిదికి హైస్కూలు. వేపనపల్లి అవతల కుప్పం వైపు పోతే ఆంధ్ర. అక్కడ ప్రైమరీ బడి అయిదుతో ఆగుతుంది, హైస్కూలు ఆరుతో మొదలవుతుంది. కొన్ని ఊర్లలో మాత్రం ఏడు దాకానో ఎనిమిది దాకానో ఉండే యు.పి. స్కూళ్ళు. మన దగ్గర పంచాయతీ యూనియన్ మిడిల్ స్కూలు, తమిళంలో నడునిలైప్పళ్ళి. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒకే ఆవరణ, ఒకే హెడ్‌మాస్టరు.

అంటే పదకొండేండ్ల పిల్ల, అదే భాష మాట్లాడే పిల్ల, సరిహద్దుకు ఏ పక్క పుట్టిందన్న దాన్నిబట్టి అయిదుకో ఏడుకో ఎనిమిదికో బడి మారుతుంది. పిల్ల మెదడు రాష్ట్రానికొక రకంగా పెరగదు కదా. కాబట్టి ఈ గీతలు పిల్లలను చూసి గీసినవి కావు. ఎప్పుడో, ఎవరో, వేరే కారణాలకు గీసినవి. ఆ కారణాలు తెలిస్తే మన నిర్ణయం మనం తీసుకోవడం సులభమవుతుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. అమెరికాలో మిడిల్ స్కూలు అంటే పదకొండు నుంచి పద్నాలుగేండ్ల పిల్లలను చిన్నపిల్లల బడి నుంచి విడదీసి పెట్టిన వేరే బడి. తమిళనాడులో మిడిల్ స్కూలు అంటే ఆ పిల్లలను విడదీయకుండా చిన్నపిల్లలతోపాటే ఉంచుకొన్న బడి. పేరు ఒకటే, అర్థం తలకిందులు. అమెరికావాళ్ళు వందేండ్లు తిరిగి తిరిగి ఇప్పుడు చాలాచోట్ల వెనక్కి వస్తున్నది మన ఊరి నడునిలైప్పళ్ళి లాంటి బడికే. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ఆరో క్లాసా, ఫస్టు ఫారమా

ముందు మన తాతల కాలం. అప్పుడు హోసూరు సేలం జిల్లాలో ఒక తాలూకా, సేలం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. ఆ రోజుల్లో అయిదో క్లాసు దాటిన పిల్లవాడి ముందు రెండు దారులుండేవి. ఒకటి హయ్యర్ ఎలిమెంటరీ స్కూలు. అదే బడిలో ఆరు, ఏడు, ఎనిమిది చదివి ఇ.ఎస్.ఎల్.సి. పరీక్ష రాయడం. చదువు మన భాషలో. రెండోది టవునులో హైస్కూలు. అక్కడ అయిదు తరవాత వచ్చేది ఆరో క్లాసు కాదు, ఫస్టు ఫారం. ఫస్టు ఫారం నుంచి సిక్స్తు ఫారం దాకా పోతే ఎస్.ఎస్.ఎల్.సి. ఫీజు కట్టాలి, ఇంగ్లీషు రావాలి, టవునులో ఎవరింట్లోనో ఉండి చదవాలి.

ఒకే వయసు, ఒకే మూడేండ్ల చదువు. కానీ ఒక దారి ఎలిమెంటరీ బడిలో ముగుస్తుంది, ఇంకొకటి కాలేజీ దాకా పోతుంది. ఇ.ఎస్.ఎల్.సి. పాసై ట్రైనింగు చేసినవాళ్ళు హయ్యర్ గ్రేడు టీచర్లు అయ్యేవారు. ఊరి బడిలో అయ్యవారి ఉద్యోగం, అంతే. ఎస్.ఎస్.ఎల్.సి. పాసైనవాడికి గుమాస్తా కుర్చీ, ఆ పైన ఇంకా ఏవేవో.

మా ఇంట్లోనే ఈ రెండు దారులూ ఉన్నాయి. మా తాత ఊరి బడిలో ఎనిమిది చదివి ఆగిపోయాడు. ఆయన తమ్ముణ్ణి మాత్రం చేను కుదువపెట్టి టవునుకు పంపి ఫస్టు ఫారంలో చేర్చారు. చిన్నతాత తరవాత ప్యాంటు వేసుకొని ఆఫీసుకు పోయాడు. మా తాత తన సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో పాత పంచె మడతల్లో దాచుకొన్నాడు. ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా "ఎలిమెంటరీ చదువు" అని ఎత్తిపొడిచేవారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, అయిదు తరవాత ఊరి బడి వదలడమే ముందడుగు అన్న నమ్మకం మనకు అక్కడి నుంచే వచ్చింది. అప్పట్లో అది నిజం కూడా. ఎలిమెంటరీ దారికి చివర తలుపు మూసి ఉండేది. ఇప్పుడు ఆ తలుపు లేదు. ఊరి బడిలో ఎనిమిది చదివినా, టవునులో చదివినా తొమ్మిదో తరగతి ఒకటే, పదో తరగతి పబ్లిక్ పరీక్ష ఒకటే. దారులు రెండూ కలిసిపోయి చాలా కాలమైంది. మన మనసులో మాత్రం ఫస్టు ఫారం ఇంకా బతికే ఉంది.

అమెరికా వందేండ్ల ప్రయోగం

పదకొండు, పన్నెండేండ్ల పిల్లలను ఏ బడిలో ఉంచాలన్న దానిమీద ఎక్కువ ప్రయోగాలు చేసి, ఎక్కువ లెక్కలు తీసిన దేశం అమెరికా. మన పిల్లలకూ వాళ్ళ పిల్లలకూ చాలా తేడా ఉండొచ్చు. కానీ ఒకసారి విడదీసి, మళ్ళీ కలిపి, రెండు రకాల పిల్లల వెంటా ఏండ్ల తరబడి పోయి చూసిన అనుభవం వాళ్ళకుంది. అందుకే ఒకసారి అక్కడికి పోయి వద్దాం.

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో ఎలిమెంటరీ బడి అంటే ఎనిమిది తరగతులు. పల్లెల్లో ఒకే గది, ఒకే టీచరు, చిన్నా పెద్దా అందరూ కలిసి కూర్చునేవారు. ఆ తరవాత నాలుగేండ్ల హైస్కూలు, అది కొద్దిమందికే. 1892లో అక్కడి జాతీయ విద్యా సంఘం పదిమందితో ఒక కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయం అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్. పిల్లలు కాలేజీకి ఆలస్యంగా వస్తున్నారన్నది ఆయన దిగులు. ఆల్జీబ్రా, పరభాషలు ముందే మొదలుపెట్టాలి, లేదా ఎలిమెంటరీని ఆరేండ్లకు కుదించాలి అన్న ఆలోచన 1893లో వచ్చిన ఆ కమిటీ నివేదికలో ఉంది.

1904లో స్టాన్లీ హాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కౌమారం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఆ వయసు తుపాను లాంటిదని, దానికి వేరే పెంపకం కావాలని ఆయన వాదన. 1909లో లెనార్డ్ ఏయర్స్ అనే ఆయన ఇంకొక పుస్తకంలో, ఎంతమంది పిల్లలు ఫెయిలై అదే క్లాసులో కూర్చుంటున్నారో, ఎంతమంది ఎనిమిది కూడా ముగించకుండా బడి మానేస్తున్నారో లెక్కలు చూపించాడు. అదే 1909లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నగరంలో ఇండియనోలా జూనియర్ హైస్కూలు మొదలైంది. దేశంలో మొదటిది అదేనని ఎక్కువమంది చెప్తారు. 1910 జనవరిలో కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఫ్రాంక్ బంకర్ అనే విద్యాధికారి ఆరు, మూడు, మూడు అని బడులను విడగొట్టాడు. పిల్లల మనస్తత్వం గురించి మాటలు చాలా ఉన్నాయి గానీ, బర్కిలీలో హైస్కూలు కిక్కిరిసిపోయి చోటు చాలకపోవడం కూడా ఒక కారణం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

1920 నాటికి హైస్కూలు ముగించిన ప్రతి అయిదుగురిలో నలుగురు పాత పద్ధతిలో ఎనిమిదేండ్ల ఎలిమెంటరీ నుంచి వచ్చినవాళ్ళే. 1960 నాటికి లెక్క తిరగబడింది. అయిదుగురిలో నలుగురు జూనియర్ హైస్కూలు మీదుగా వచ్చారు. నలభై ఏండ్లలో ఒక దేశం బడుల ఆకారమే మారిపోయింది.

జూనియర్ హైస్కూలు పేరుకు తగ్గట్టే చిన్న హైస్కూలు అయి కూర్చుంది. అవే పీరియడ్లు, అదే గంట, అదే కఠినం. 1963లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక సమావేశంలో విలియం అలెగ్జాండర్ అనే విద్యావేత్త, ఇది పనికిరాదు, ఆ వయసు పిల్లలకు తగ్గట్టు మిడిల్ స్కూలు పెడదాం అన్నాడు. అయిదో ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా. యుద్ధం తరవాత పుట్టిన పిల్లలతో ఎలిమెంటరీ బడులు నిండిపోయి ఉన్నాయి. అక్కడి నుంచి ఆరో తరగతిని లేపేస్తే చోటు దొరుకుతుంది. మిడిల్ స్కూళ్ళు వేల సంఖ్యలో లేచాయి. ఇక్కడా చోటు లెక్కే.

తరవాత పిల్లలను కొలిచి చూడడం మొదలైంది. 1970లలో మిల్వాకీ నగరంలో కొన్ని బడులు ఎనిమిది దాకా, కొన్ని ఆరు దాకా ఉండేవి. రాబర్టా సిమన్స్, డేల్ బ్లైత్ అనే ఇద్దరు ఆ రెండు రకాల పిల్లల వెంట ఏండ్ల తరబడి పోయి 1987లో పుస్తకం తెచ్చారు. ఏడో తరగతికి జూనియర్ హైస్కూలుకు మారిన ఆడపిల్లల్లో తమమీద తమకు ఉండే నమ్మకం తగ్గింది. పాత బడిలోనే ఉండిపోయిన ఆడపిల్లల్లో అట్లా తగ్గలేదు. శరీరం మారే కాలమూ బడి మారే కాలమూ ఒక్కసారిగా మీదపడితే ఆ పిల్ల తట్టుకోలేకపోతోందని వాళ్ళు చెప్పారు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ ఒక్క మాట రెండుసార్లు చదవండి.

జాక్వెలిన్ ఎకల్స్ అనే పరిశోధకురాలు దీనికి కారణం ఇట్లా వివరించింది. ఆ వయసులో పిల్లకు ఇంటి బయట తనను ఎరిగిన పెద్దమనిషి ఒకరు కావాలి. కొత్త బడిలో పీరియడ్‌కొక టీచరు, ఎవరికీ ఆ పిల్ల పూర్తిగా తెలియదు. ఆ వయసులో తన మాటకు విలువ కావాలి, కొత్త బడిలో ఆంక్షలు పెరుగుతాయి. ఆ వయసులో పక్కవాళ్ళతో పోల్చుకొని కుంగిపోతారు, కొత్త బడిలో మార్కుల పోలిక ఇంకా ఎక్కువ.

1990ల చివర నుంచి క్లీవ్‌లాండ్, సిన్సినాటి, మిల్వాకీ, ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ లాంటి నగరాలు మిడిల్ స్కూళ్ళను మూస్తూ కేజీ నుంచి ఎనిమిది దాకా ఒకే బడి పెట్టడం మొదలుపెట్టాయి. 2010లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు రాకాఫ్, లాక్‌వుడ్ న్యూయార్క్ నగరం పిల్లల ఫలితాలు ప్రచురించారు. ఆరుకో ఏడుకో మిడిల్ స్కూలుకు మారిన పిల్లల మార్కులు, మారిన ఏడాదే పడిపోయాయి. ఎనిమిది ముగిసేదాకా కోలుకోలేదు. గైర్హాజరీలూ పెరిగాయి. 2013లో ష్వెర్ట్, వెస్ట్ అనే ఇద్దరు ఫ్లోరిడా రాష్ట్రంలో చూస్తే అక్కడా అంతే, ఆ నష్టం పదో తరగతి దాకా కనిపించింది. ఇంకొక ముఖ్యమైన సంగతి కూడా వాళ్ళు చూశారు. తొమ్మిదికి హైస్కూలుకు మారినప్పుడు జరిగే నష్టం, ఆరుకు మారినప్పటికంటే చాలా తక్కువ. "ఎట్లా పోయినా మార్చాల్సిందే గదా" అన్న తమ్ముడికి ఇది సూటిగా తగిలే జవాబు. పదకొండేండ్లకు మారడమూ పద్నాలుగేండ్లకు మారడమూ ఒకటి కాదు.

అయితే ఒక పక్కే చెప్పి ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టే. 2007లో ఫిలడెల్ఫియా బడులమీద బైర్న్స్, రూబీ చేసిన పరిశోధన ఒకటి ఉంది. ఎప్పటినుంచో ఎనిమిది దాకా ఉన్న పాత బడులు బాగా చేస్తున్నాయి. కానీ అందులో కొంత ఆ బడుల్లో చదివే పిల్లల ఇంటి పరిస్థితుల వల్ల వచ్చింది. హడావుడిగా ఎనిమిది దాకా పెంచిన కొత్త బడుల్లో అంత మేలు కనపడలేదు. అంటే బోర్డుమీద "1 నుంచి 8" అని రాసినంత మాత్రాన ఏమీ కాదు. పాత బడిలో పిల్లలూ టీచర్లూ ఒకరినొకరు ఎరిగి ఉండడం, క్లాసులు చిన్నవిగా ఉండడం, ఇవి పని చేస్తాయి.

మన దేశంలో గీత ఎక్కడ పడింది

ఇప్పుడు ఇంటికి వద్దాం. 1937లో గాంధీగారు వార్ధాలో విద్యా సమావేశం పెట్టారు. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ ఏడు నుంచి పద్నాలుగేండ్ల దాకా ఏడేండ్ల ఉచిత నిర్బంధ చదువు, అదీ మాతృభాషలో ఉండాలని చెప్పింది. మధ్యలో గీత లేదు. 1944లో సార్జెంట్ నివేదిక వచ్చి ఆ కాలాన్ని రెండుగా కోసింది. ఆరు నుంచి పదకొండు జూనియర్ బేసిక్, పదకొండు నుంచి పద్నాలుగు సీనియర్ బేసిక్. పదకొండేండ్లకే కొందరిని ఏరి హైస్కూలుకు పంపాలన్న ఆలోచన కూడా అందులో ఉంది. మళ్ళీ ఫస్టు ఫారమే. మన రాజ్యాంగం 45వ అధికరణంలో పద్నాలుగేండ్ల దాకా అందరికీ ఉచిత విద్య అని రాశారు. అప్పుడు గీత మళ్ళీ ఎనిమిదో తరగతి దగ్గరికి జరిగినట్టే.

మనలాంటి భాషా మైనారిటీలకు ఈ గీత ఇంకొక రకంగా ముఖ్యం. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం ఒప్పుకొంది. ప్రాథమిక దశలో ఒక తరగతిలో 10 మంది గానీ, మొత్తం బడిలో 40 మంది గానీ వేరే మాతృభాష పిల్లలుంటే, వాళ్ళ భాషలో చెప్పే టీచరును ఇవ్వాలి. సెకండరీ దశకు వచ్చేసరికి మెట్టు పెరిగింది. బడి మొత్తం పిల్లల్లో మూడోవంతు అడిగితేనే ప్రభుత్వ, జిల్లా బోర్డు స్కూళ్ళు ఆ ఏర్పాటు చేయాలి. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి 350ఎ అధికరణం వచ్చింది. భాషా మైనారిటీ పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యాలు కల్పించాలని అందులో ఉంది. ఎంతదాకా? "ప్రాథమిక దశ"లో.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఆరో తరగతి ఊరి బడిలో ఉంటే ఆ బడిలో మన పిల్లలే ఎక్కువ. అదే ఆరో తరగతి టవున్ హైస్కూల్లో ఉంటే అక్కడున్న వందలమందిలో మన పిల్లలు ఒక మూలకు వస్తారు, మూడోవంతు ఏనాటికీ కారు. పిల్ల మారలేదు, పాఠం మారలేదు. పిల్ల కూర్చున్న బడి మారేసరికి అడగగలిగే బలం పోయింది. నాకు అర్థమైనంతలో, ఎలిమెంటరీ బడి ఎక్కడ ఆగుతుందో మన భాష కూడా దాదాపు అక్కడే ఆగుతుంది.

2009లో విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఒకటి నుంచి ఎనిమిది దాకా మొత్తాన్నీ అది ఎలిమెంటరీ విద్య అని ఒకే పేరుతో పిలిచింది. ఆ చట్టం 29వ సెక్షన్‌లో, బోధన సాధ్యమైనంతవరకు పిల్లల మాతృభాషలో ఉండాలని రాసి ఉంది. "సాధ్యమైనంతవరకు" అన్న మాట సందు ఇస్తుంది, నిజమే. కానీ అయిదు దగ్గర ఆగిన మాట ఎనిమిది దాకా వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా కనీసం అయిదు దాకా, వీలైతే ఎనిమిది దాకా మాతృభాష అంటుంది. దాన్ని తమిళనాడు ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఆ రాజకీయం ఇక్కడ వద్దు. ఎనిమిది అన్న అంకె అన్నిచోట్లా కనిపిస్తోందని మాత్రం చెప్తున్నాను.

తమిళం మాటకు వస్తే, 2006 చట్టం ప్రకారం 2006–07లో ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున 2015–16 నాటికి పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. తరతరాలుగా ఈ నేలమీద బతుకుతున్నాం, సంతలోనూ కోర్టులోనూ అదే భాష. కానీ మన పిల్ల మోసేది మూడు భాషలు: తెలుగు, తమిళం, ఇంగ్లీషు. పదకొండేండ్లకు బడి మారి, బోధన భాష మారి, స్నేహితులు మారి, బస్సు ప్రయాణం మొదలై, అన్నీ ఒకే జూన్ నెలలో మీదపడితే అమెరికా పిల్ల తట్టుకోలేనిది మన పిల్ల మాత్రం ఎట్లా తట్టుకొంటుంది? వాళ్ళకు బడి ఒక్కటే మారింది, భాష మారలేదు. ఎనిమిది దాకా ఎరిగిన బడిలో ఉంటే, లెక్కలూ సైన్సూ తెలుగులో గట్టిపడుతూ, పక్కనే తమిళమూ ఇంగ్లీషూ ఏండ్ల మీద కూడబెట్టుకోవచ్చు. పద్నాలుగేండ్లకు మారినప్పుడు చేతిలో మూడూ ఉంటాయి.

సరిహద్దు అవతల జరిగింది

2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 కింద 3, 4, 5 తరగతుల పిల్లలను దగ్గరలో ఉన్న హైస్కూళ్ళకు కలిపారు. మూడో తరగతి నుంచే సబ్జెక్టుకొక టీచరు దొరుకుతాడన్నది ప్రభుత్వం చెప్పిన కారణం, అది తీసెయ్యాల్సిన కారణమేమీ కాదు. కానీ ఊరి బడిలో రెండు క్లాసులే మిగిలాయి, చిన్నపిల్లలు రోడ్లు దాటాల్సి వచ్చింది, చాలా ఊర్లలో తల్లిదండ్రులు బడి ముందు కూర్చొని వద్దన్నారు. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకొన్నారు. కుప్పం పక్క మనవాళ్ళ ఇండ్లలో ఈ సంగతులు వినే ఉంటారు. ఊరి బడిని ఒకసారి పలచబరిస్తే మళ్ళీ నింపడం ఎంత కష్టమో అక్కడివాళ్ళను అడగండి.

ఇంకొక పక్క కూడా చూద్దాం

బడి మార్చాలనేవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. వాళ్ళ భయాలు నిజమైనవే. ఊరి బడిలో ల్యాబు ఉండదు. సైన్సుకు టీచరు ఉండడు. ఆరు, ఏడు, ఎనిమిది క్లాసులకు తెలుగులో చెప్పగలిగే బి.టి. అసిస్టెంటు పోస్టు ఖాళీగా ఉంటే, సెకండరీ గ్రేడు టీచరే అన్నీ లాక్కొస్తాడు. అట్లాంటి బడిలో పిల్లను మూడేండ్లు కూర్చోబెడితే మనం భాషను కాపాడినట్టు కాదు, పిల్ల చదువును బలి ఇచ్చినట్టు. ఈ మాట నేను మొహమాటం లేకుండా చెప్తాను.

కానీ ఆ ఖాళీ అడగకుండా నిండదు. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ఆరు నుంచి ఎనిమిది దాకా తరగతికి కనీసం ఒక టీచరు ఉండాలని, సైన్సు–లెక్కలకు ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు ఉండాలని రాసి ఉంది. 35 మంది పిల్లలకు ఒక టీచరు. ప్రతి బడికీ ఎస్.ఎం.సి. ఉండాలి, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. మనలో ఎంతమంది ఆ కమిటీ మీటింగుకు పోయాం? నేను నా పిల్లలు చదివే రోజుల్లో సంతకం పెట్టి వచ్చేసినవాణ్ణే. తెలుగు టీచరు రిటైరైన సంగతి ఆర్నెల్ల తరవాత తెలిసింది. అప్పటికి మా ఇంటి పిల్లలతో సహా ముగ్గురు నలుగురు టి.సి. తీసుకొని వెళ్ళిపోయారు. ఆ ఆరో తరగతి ఖాళీ కావడంలో నా చెయ్యి కూడా ఉంది.

తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ, ఆ రోజు చెప్పలేని మాట ఇప్పుడు చెప్తాను. ముందు బడికి పో. ఆరు, ఏడు, ఎనిమిదికి లెక్కలు ఎవరు చెప్తారు, సైన్సు ఎవరు చెప్తారు, తెలుగులో చెప్తారా, పోస్టు ఖాళీగా ఉందా, ఈ నాలుగూ అడుగు. ఆడపిల్ల కాబట్టి మరుగుదొడ్డి ఎట్లా ఉందో, నీళ్ళున్నాయో లేదో నీ భార్యను వెళ్ళి చూడమను. టీచర్లు ఉంటే పాపను ఎనిమిది దాకా అక్కడే ఉంచు. ఇంగ్లీషుకు, తమిళానికి సాయంత్రం ఏదైనా ఏర్పాటు చేద్దాం, దానికి సంఘం ఉంది. టీచరు లేకపోతే టి.సి. అడిగే ముందు మాకు చెప్పు. నువ్వొక్కడివే పోతే అర్జీ ఫైల్లో పడుతుంది. పదిమంది తల్లిదండ్రులతో పోతే బి.ఇ.ఓ. ఆఫీసులో కుర్చీ వేస్తారు.

సంఘానికి నా విన్నపం ఒకటే. మన మండలాల్లో తెలుగు మీడియం ఉన్న, ఎనిమిది దాకా ఉన్న బడులు ఎన్ని, వాటిలో ఆరో తరగతిలో పిల్లలెంతమంది, తెలుగు టీచరు పోస్టులు ఏవి ఖాళీ అన్న జాబితా మన దగ్గర లేదు. ఉగాది సభలకు, శాలువలకు తిరిగినట్టే ఈ వేసవిలో ఒక్కొక్కరం మన ఊరి బడికి పోయి ఆ వివరాలు రాసుకొని వద్దాం. మీ ఊరి సంగతి మీరు రాసి పంపండి, నా ఊరి సంగతి నేను మొదటగా ఇస్తాను. మే నెలాఖరులోగా అయితే మంచిది. జూన్‌లో బడులు తెరిచాక టి.సి.లు వెళ్ళిపోయి ఉంటాయి.

మా తాత ట్రంకుపెట్టె ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. ఇ.ఎస్.ఎల్.సి. సర్టిఫికెట్టు మడతల దగ్గర చిరిగింది కానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. ఆయన చేతిరాత తెలుగు ఇప్పటికీ మా ఇంట్లో ఎవరికీ రాదు.